తెల్లగా కడిగిన పేగు

నేను దొంగచాటుగా బోటి తింటానని మా వీధి వీధంతా ఆరేడు నెలల పాటు నమ్మింది. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. వాళ్లతో నాకు పేచీ లేదు. గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాని ఇంటి కోడలు పొద్దున్నే ఆరింటికి స్కూటీ వేసుకుని నరసరావుపేట మాంసం కొట్ల వైపు వెళ్లి, నల్ల కవర్లో ఏదో పట్టుకొస్తుంటే జనం ఏమనుకోవాలి మరి? కోటప్పకొండ ప్రసాదం తెస్తోందనుకుంటారా?

ఆ పేగు కూరకు కాదు, పరీక్షకు. నేను ఇక్కడే ఒక ఫార్మసీ కాలేజీలో పన్నెండేళ్లుగా ల్యాబ్ పాఠాలు చెబుతున్నాను. బి.ఫార్మసీతో చేరాను, దాంతోనే రిటైరవుతాననుకున్నాను. నలభై దాటాక ఒకరోజు కాలేజీ వాళ్లు పిలిచి, ఎం.ఫార్మసీ లేనివాళ్లను ఇక మీదట ఉంచుకోవడం కష్టమన్నారు. మర్యాదగానే చెప్పారు, కాఫీ కూడా ఇప్పించారు. దాంతో నేను పాఠాలు చెప్పిన పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చుని మళ్లీ చదవాల్సి వచ్చింది. చదువు ఎలాగో ఒకలాగ గట్టెక్కింది. మిగిలింది థీసిస్. డిసెంబరు ఆఖరుకల్లా అది అప్పజెప్పకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు. మా ఆయనది వినుకొండ రైల్వే స్టేషన్లో ఉద్యోగం, ఇల్లు గడవదని కాదు. కానీ ఆ ల్యాబ్ నాది. అందులో ఏ కుళాయి ఎటు తిప్పితే కారుతుందో నాకే తెలుసు. దాన్ని వదిలి ఇంట్లో కూర్చోవడమంటే నాకు నిజంగా భయం వేసింది.

నా థీసిస్ మందుల్లో కలిపే సాల్వెంట్ల గురించి. సిరప్ సీసా చూసి అందరూ అది మందే అనుకుంటారు. అందులో అసలు మందు చిటికెడే. మిగతాదంతా ఆ చిటికెడును కరిగించి పట్టుకోవడానికి పోసిన సరంజామా. నీళ్లలో కరగని మందులు చాలా ఉన్నాయి, సుద్దముక్క పొడిలాగా అడుక్కి దిగిపోతాయి. వాటిని కరిగించడానికి గ్లైకాల్ లాంటి చిక్కటి ద్రవాలు కలుపుతారు. కరిగితే చాలు, మిగతాది పేగే చూసుకుంటుందని నేను కూడా ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పాను. అది సగమే నిజం. గ్లైకాల్ మరీ ఎక్కువైతే మందుకు అందులోనే హాయిగా ఉంటుంది, దాన్ని వదిలి పేగు గోడలోకి రాదు. కరగడం పెరిగేకొద్దీ దాటడం తగ్గుతుంది. ఎంత పోస్తే ఎంత తగ్గుతుందో కొలవడం నా పని.

కొలవడానికి పేగు కావాలి. ఎలుకల పేగు వాడాలంటే కమిటీ అనుమతి, కాగితాలు, నెలల తరబడి ఎదురుచూపులు. మేకకు ఆ గొడవ లేదు, అది ఎటూ కూరకే పోయింది. జానెడు మేక పేగు ముక్కను లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేయాలి. ఒక కొస దారంతో కట్టి, గ్లూకోజు కలిపిన ఉప్పునీళ్లు నింపి, రెండో కొస కూడా కట్టి, మందూ గ్లైకాలూ కలిపిన గాజు బీకరులో వేలాడదీయాలి. చేపల తొట్టిలో పెట్టే మోటారుతో గాలి బుడగలు వదలాలి. గంట తర్వాత ముడి విప్పి, లోపలికి ఎంత మందు చేరిందో మిషన్లో చూడాలి. చెప్పుకోవడానికి ఇంతే.

నేను వెళ్లే కొట్టులో మాంసం కొట్టేది పెద్దాయన. తలకాయలు, కాళ్లు, బోటి అమ్మేది ఆయన భార్య. అరవై ఏళ్లుంటాయి ఆమెకు. పక్కనే గోనెపట్టా మీద కూర్చుని, పొయ్యి మీద నీళ్లు కాగబెట్టుకుంటూ, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ పలకరించేది. అందరూ పిన్నమ్మా అనేవారు, నేనూ అదే పిలుపు అందుకున్నాను.

మొదటి రోజు, "కడగకుండా, కోసింది కోసినట్టు రెండు మూరల సన్న పేగు ఇవ్వు పిన్నమ్మా" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి ఇచ్చింది. ఎందుకని అడగలేదు, నేను చెప్పలేదు. సాల్వెంటు, పేగు గోడ, థీసిస్ అని చెబితే ఆమెకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను.

రెండో రోజు కవర్ అందుకుంటుంటే ఆ పచ్చి వాసన గుప్పున తగిలింది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్క కాలవ దగ్గరికి పరుగెత్తాను. తాగిన కాఫీ కాస్తా అక్కడే పోయింది. తిరిగి వచ్చేసరికి పిన్నమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"కొత్త గదా తల్లీ. నాలుగు రోజులు పోతే అలవాటైద్ది" అంది.

మూడో రోజు నుంచి వాసన రాలేదు. నిజంగానే అలవాటైపోయిందని నా ముక్కును నేనే మెచ్చుకున్నాను. ల్యాబ్‌లో ఉప్పునీళ్లతో కడిగి తిరగేస్తే పేగు లోపలంతా మల్లెపువ్వులా తెల్లగా మెరిసింది. "చూశారా, శాంపుల్ ఎంత శుభ్రంగా ఉందో, కడగడమంటే ఇదీ!" అని పక్క టేబుల్ పిల్లల దగ్గర గొప్పలు పోయాను. అప్పుడే ఎవరైనా నా నోరు మూయించి ఉంటే బాగుండేది.

మొదటి రెండు రోజులూ వచ్చిన లెక్కల్లో, గ్లైకాల్ పెరిగేకొద్దీ గీత కిందికి దిగింది. మూడో రోజు నుంచి గీత దిగలేదు. గ్లైకాల్ చుక్క లేకపోయినా అంతే, సగానికి సగం పోసినా అంతే. నేను చేసిన తెలివైన పని ఏమిటంటే, ఆ మొదటి రెండు రోజుల కాగితాలు చెత్తబుట్టలో వేశాను. చేయి తిరగక ముందు చేసినవి కదా, తప్పులుంటాయనుకున్నాను. అలా పది వారాలు గడిచాయి. పది వారాల గీతలూ బల్లపరుపుగా, పిడుగురాళ్ల రోడ్డు కొత్తగా వేసినప్పుడు ఉన్నట్టు ఉన్నాయి.

మా గైడు పెద్ద మనిషి, పొదుపుగా మాట్లాడతారు. అక్టోబరు మధ్యలో ఒక మధ్యాహ్నం నా గీతలన్నీ పక్కపక్కన పరిచి చూశారు. "ఏం పోసినా నీ పేగుకు పట్టింపు లేదేంటమ్మా?" అన్నారు. ఆరోజు ముక్క ఒకటి మిగిలి ఉంటే తెమ్మని, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దారు. మళ్లీ రుద్దారు.

"లోపల టర్కీ తువ్వాలు ఉండాలి కదా. ఇది పాల ప్యాకెట్ కవర్ లాగా ఉందేంటి?"

పేగు లోపలి పొర నిండా నూలు పోగుల్లాంటి సన్నటి మడతలుంటాయి. మందును రానివ్వాలా వద్దా అని తేల్చేది ఆ పొరే. అది ఊడిపోతే మిగిలేది వడకట్టే గుడ్డ. గ్లైకాల్ ఉన్నా లేకపోయినా మందు దూరిపోతుంది. నేను పది వారాలుగా కొలిచింది ఆ గుడ్డనే అన్నమాట. ఇంకా రెండున్నర నెలలుంది, మళ్లీ మొదలుపెట్టమన్నారు గైడు. తిట్టి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు రోజూ కంటే అరగంట ముందే బయల్దేరాను. నా కోపం గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆరోజు స్కూటీకి కూడా తెలిసింది. పాడైపోయిన సరుకు అంటగడతారా, పాతది కలిపి ఇస్తారా అని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వెళ్లాను. కొట్టు పక్కకు వచ్చేసరికి పిన్నమ్మ వీపు నావైపు ఉంది. ముందు గిన్నెలో సున్నపు తేట పొగలు కక్కుతోంది. పేగు ఒకటి తిరగేసి, అందులో ముంచి, చాకు వెనక వైపుతో లోపలి పొరంతా గీకుతోంది. తలకాయ కోసం వచ్చిన ఒకావిడ ఎదురుగా నిలబడి ఉంది.

"ఇదెవురికి పిన్నమ్మా, ఇంత తెల్లగా చేస్తన్నావు?" అని అడిగింది ఆవిడ.

"కాలేజీ టీచరమ్మకి" అంది పిన్నమ్మ. "పాపం వాళ్లింట్లో తినరు. ఈ పిల్లకి ఎందుకో నోరు లాగింది. ఆ వాసన తగిల్తే ఇంట్లో తెలిసిపోద్ది గదా. అందుకని లోపలంతా గీకి, మళ్లా ఎప్పట్లాగా తిరగేసి పెడతన్నా. ఆ పిల్ల కడగొద్దు అనే చెప్పిద్ది. మొహమాటం. నాకు శ్రమ ఇయ్యకూడదని."

"ఇంకెవురికన్నా ఇట్టా చేస్తావా నువ్వు?"

"ఎవురికి చేస్తా? ఆ పిల్లొక్కదానికే."

ఏడుపు వచ్చేలా ఉంది, నవ్వు వచ్చేలా ఉంది. తలకాయ ఆవిడ వెళ్లేదాకా ఆగి, దగ్గరికి వెళ్లి చెప్పాను.

"పిన్నమ్మా, నేను తినడానికి తీసుకెళ్లట్లేదు."

"మరి? కుక్కకా?"

"కుక్క లేదు మాకు. మందుల పరీక్షకి. నువ్వు గీకి పారేస్తన్న పొర ఉందే, నాకు అదే కావాలి."

ఆమె చాకు కింద పెట్టింది. చేతికి అంటుకున్న పొర వైపు చూసుకుంది. ఎంత నష్టం జరిగిందో నేను చెప్పకపోయినా నా మొహంలోనే కనిపించి ఉంటుంది.

"ఇన్నాళ్ల నుంచి వస్తన్నావు. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం బోయింది?" అంది. చేతికున్న పొరను గిన్నె అంచుకు రాసి, "చెప్తే నాకు తెలవదనుకున్నావు" అంది.

అవునని ఒప్పుకున్నాను. ఆమె దాన్ని సాగదీయలేదు. పక్కనున్న ప్లాస్టిక్ ట్రే బోర్లించి, కూర్చోమంది. "ఇప్పుడు చెప్పు. ఏందో మొత్తం చెప్పు."

మేక తలకాయల పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. మందు నీళ్లలో కరగకపోవడం, గ్లైకాల్ పోయడం, అది ఎక్కువైతే మందు దాన్ని వదలకపోవడం. థీసిస్‌లో మూడు పేజీలు పట్టిన సంగతి అది. పిన్నమ్మ నీళ్లు పోసి చేతులు కడుక్కుంటూ వింది.

"అంటే, అత్తగారింట్లో మర్యాద చానా ఎక్కువైతే అల్లుడు కదలడు. అంతేనా?"

"అంతే పిన్నమ్మా."

"దీనికి ఇంత చదువు చదవాల్నా!" అంది. మరుక్షణంలోనే, "అది సరే గానీ, ఇది చచ్చిన పేగు గదా. బతికినోడి కడుపులో గూడా ఇట్టనే జరుగుద్దని నీకెట్టా తెలుసు?" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ ప్రశ్న తప్పైనందుకు కాదు, సరైనదైనందుకు. బతికున్న పేగులో నీళ్లు ఊరి గ్లైకాల్‌ను పలచన చేస్తాయి, పేగు కదులుతూ అన్నిటినీ ముందుకు తోస్తుంది, అవతల రక్తం వచ్చిన మందును వచ్చినట్టే మోసుకుపోతుంది. నా బీకరులో ఇవేమీ లేవు. అవన్నీ ఆమెకు చెప్పి, "నేను కొలిచేది గుమ్మం ఒక్కటే పిన్నమ్మా. లోపల ఇల్లెట్టా ఉంటదో నాకు తెలవదు" అన్నాను.

"తెలవదా" అని తలూపింది, అదేదో నా మీద మొదటిసారి నమ్మకం కుదిరినట్టు.

ఆ రోజు నుంచి నా ఫ్లాస్కు ఆమె దగ్గరే ఉండేది. ఐసులో పెట్టిన నా ఉప్పునీళ్లు అందులో పోసి ఇస్తే, మేక కోసిన వెంటనే కావలసిన ముక్క అందులో పడేది. పేగు తిరగేయడం కూడా ఆమె నేర్పిందే. మేము పుస్తకంలో ఉన్నట్టు గాజు కడ్డీ దూర్చి లాగేవాళ్లం, మూడింట్లో ఒకటి చిరిగేది, చిరగనిది లోపల గీసుకుపోయేది. ఆమె కొసను చొక్కా చేతి మడతలా కొంచెం వెనక్కి మడిచి, ఆ మడతలో నీళ్లు పోసింది. నీళ్ల బరువుకు పేగు దానంతటదే జారుతూ తిరగబడింది. "కడ్డీ ఎందుకమ్మా, దాని మానాన దాన్ని రానీయ్" అంది. ల్యాబ్‌లో మామూలు నీళ్లకు బదులు నా ఉప్పునీళ్లు పోశాను, అంతే తేడా.

ఆ మొదటి రోజే గీత కిందికి వంగింది. మర్నాడు ఇంకా చక్కగా వంగింది. స్టూలు మీద కూర్చుని పిల్లల ముందే ఏడ్చాను. వాళ్లు మిషన్ పాడైందనుకున్నారు.

ఇంతలో కార్తీకమాసం వచ్చిపడింది. కార్తీకంలో మాంసం కొట్లకు బేరం ఉండదు. హోటళ్ల కోసం రోజుకు ఒక్క మేక తెగితే గొప్ప, కొన్ని రోజులు అదీ లేదు. బయట జనమంతా తలస్నానాలు చేసి దీపాలు పెడుతుంటే, నేను ఇవాళ మేకను కోస్తారా లేదా అని ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. "కార్తీక సోమవారం పొద్దున్నే పేగు పట్టుకొచ్చే ఇల్లాలు పల్నాడు మొత్తానికి నువ్వొక్కదానివే" అన్నాడు మా ఆయన రైలుకు బయల్దేరుతూ. పుణ్యం వచ్చినా పాపం వచ్చినా చెరిసగం అన్నాను. సగం నాకొద్దు, మొత్తం నువ్వే ఉంచుకో అని వెళ్లిపోయాడు.

ఒకరోజు పిన్నమ్మే ఫోన్ చేసింది. "ఇయ్యాల ఇక్కడ కొయ్యట్లా. క్రోసూరులో మా చెల్లెలు వాళ్లు కోస్తన్నారు. నీ ఉప్పునీళ్ల సంగతి చెప్పి పెట్టా, పోతావా?" అని. వెళ్లాను. ఆ చెల్లెలు నన్ను చూడగానే, "కడగం, గీకం, చెయ్యి గూడా పెట్టం, మా అక్క చెప్పింది" అంది. ఐసు సీసా కాళ్ల మధ్య పెట్టుకుని, గుంటలన్నీ తప్పించుకుంటూ, చంటిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాను.

పాడైన పది వారాల లెక్కలు పారేస్తానంటే గైడు వద్దన్నారు. పొర ఉన్న పేగు ఒకవైపు, పొర లేని పేగు ఒకవైపు పెట్టమన్నారు. పొర పోయాక గ్లైకాల్ మాట చెల్లలేదంటే, దాని పెత్తనమంతా ఆ పొర దగ్గరే అన్నమాట. థీసిస్‌లో అందరూ బాగుందన్న అధ్యాయం అదే. పొర తీసే పద్ధతి కింద, వేడి సున్నపు తేట, చాకు వెనక వైపు అని ఉన్నది ఉన్నట్టు రాశాను.

గడువుకు రెండు రోజుల ముందు అప్పజెప్పాను. వైవాలో మళ్లీ చేసి చూపించమంటారేమోనని పేగు తేవడం మాత్రం ఆపలేదు. ఫిబ్రవరిలో వైవా. బయటి జిల్లా నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా థీసిస్ తిరగేస్తూ, సున్నపు తేట దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకున్నారు. ఆ పేజీ గురించి అడుగుతారనుకున్నాను. అడగలేదు. పుస్తకం మూసి, ఇంగ్లీషులో, తాపీగా అడిగారు. ఇది ప్రాణం లేని పేగు కదా, బతికున్న మనిషిలో కూడా ఇలాగే జరుగుతుందని మీకెలా తెలుసు?

నాకు సున్నపు వాసన వచ్చినట్టయింది. ఆ ప్రశ్నకు జవాబు నేను మేక తలకాయల పక్కన కూర్చుని ఒకసారి చెప్పి ఉన్నాను. అదే మళ్లీ చెప్పాను. పలచన కావడం, ముందుకు తోయడం, రక్తం మోసుకుపోవడం, నేను కొలిచింది గుమ్మాన్ని మాత్రమే. "లోపల సంగతి నాకు తెలియదు సార్" అన్నాను. ఆయన గైడు వైపు చూసి తలూపారు.

మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం అదే వేళకు కొట్టుకు వెళ్లాను.

"పరీక్ష పెట్టినాయన నువ్వు అడిగిందే అడిగాడు పిన్నమ్మా."

"ఏం చెప్పావు?"

"తెలవదన్నా."

"పాసయినావా?"

"అయినా."

"తెలవదంటే గూడా పాసు చేస్తారా మీ కాడ! ఈ సంగతి ముందే తెలిస్తే నేను గూడా చదువుకుందును గదా." కత్తి ఆపి పెద్దాయన కూడా నవ్వాడు. నా ఉద్యోగం ఉన్నట్టేనా అని అడిగాడు. ఉన్నట్టే అన్నాను. పిన్నమ్మ పైకి చూసి, ఏదో అనుకుని, చెయ్యి కళ్లకు అద్దుకుంది.

తర్వాత రోజూలాగే పక్కనుంచి ఫ్లాస్కు ఉన్న నల్ల కవర్ తీసి నా చేతికి అందించింది. ఆ పొద్దుటిది, మొదటి మేకది, చెయ్యి పెట్టనిది.

"ఇంక అక్కర్లేదు పిన్నమ్మా. పని అయిపోయింది."

ఆమె చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"అయితే ఇంక రావన్నమాట" అంది.

కవర్ అందుకుని స్కూటీ హ్యాండిల్‌కు తగిలించాను. రేపు ఎన్నింటికి కోస్తారని అడిగాను. ఆరోజు ల్యాబ్‌లో ఆ పేగుతో నాకు ఏ పనీ లేదు.